దాని జాతికి తగిన మేత

సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న ఒక హదీసును మేము ఎన్నో ఏళ్లుగా మద్రసా విద్యార్థులకు బోధిస్తూ వస్తున్నాము. ఒక స్త్రీ పిల్లిని బంధించింది. దానికి తిండి పెట్టలేదు, నీళ్లు ఇవ్వలేదు. నేల మీద తిరిగే పురుగూ పుట్రా ఏరుకొని తినడానికి వదలనూ లేదు. అది చనిపోయింది. ఆ కారణంగా ఆమె నరకశిక్షకు గురైందని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. ఈ హదీసు వచ్చినప్పుడల్లా మేము పదాలకు అర్థం చెప్పి, మూగజీవుల పట్ల దయ చూపాలని నాలుగు మాటలు జోడించి, తరువాతి హదీసుకు సాగిపోయేవాళ్లము. ఆ పాఠం మా ఇంటి వసారాలోనే మిగిలిపోయి ఉందని గత వానకాలంలో గాని మాకు తెలియలేదు.

మాది దంతాలపల్లి. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే రహదారి మీది ఊరు. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు మండల కేంద్రమై, మహబూబాబాద్ జిల్లాలో చేరింది. చుట్టూ వరి, పత్తి, మిర్చి చేలు. వానలు మొదలైన రోజుల్లో మా అబ్బాయి వరంగల్ నుంచి వస్తూ, మా దగ్గరే ఉండి చదువుకుంటున్న తన మేనల్లుడి కోసం రెండు తెల్లని కుందేలు పిల్లలను తెచ్చాడు. ఎనిమిదేళ్ల మా మనుమడి సంతోషానికి హద్దు లేకపోయింది. తాను తినే ప్రతిదానిలో వాటికి వాటా పెట్టేవాడు. ఉదయం బిస్కెట్టు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం చపాతీ ముక్కలు, నానబెట్టిన శనగలు. ఇంట్లో క్యాబేజీ తరిగిన రోజున పై ఆకులన్నీ వాటికే. మస్జిదుకు వెళ్తూ వస్తూ మేము అది చూసి మురిసిపోయేవాళ్లము. పిల్లవాడికి దయాగుణం అలవడుతున్నదని అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకొనేవాళ్లము. గూటిలో ఒక్క గడ్డిపోచ కూడా లేదన్న సంగతి మాకు తట్టలేదు. ఆ సమయానికి మా ఇంటి ప్రహరీ అవతల మోకాలి ఎత్తున గడ్డి పెరిగి ఉన్నది.

రెండు నెలలు గడిచాయి. ఒకనాడు అసర్ నమాజు ముగించుకొని వచ్చేసరికి రెండింటిలో ఒకటి మూలకు చేరి, వీపు గూని చేసుకొని కూర్చొని ఉంది. బిస్కెట్టు పెట్టినా ముట్టలేదు. పొట్ట ఉబ్బి ఉంది. పళ్లు కొరుకుతున్న చప్పుడు వినిపిస్తోంది. పసిపిల్లలకు కడుపు ఉబ్బినప్పుడు ఇచ్చే వాము నీళ్లు రెండు చుక్కలు మా ఇంటివారు దాని నోట్లో వేశారు. తెల్లవారిన తరువాత చూద్దామనుకొని మేము నిద్రపోయాము. ఫజర్ వేళకు లేచి చూస్తే అది చనిపోయి ఉంది.

"నానా, నేను రోజూ పెట్టాను కదా! మరి ఎందుకు చచ్చిపోయింది?" అని మనుమడు అడిగాడు.

"కుందేలే కదా, ఇంకొకటి తెప్పిస్తాము" అనే మాట మా నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడు హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ గుర్తుకు వచ్చాడు. ఆ పసివాడు ఒక చిన్న పిట్టతో ఆడుకొనేవాడు. అది చనిపోయి అతడు దిగులుగా ఉన్నప్పుడు, సమస్త లోకాల కారుణ్యంగా పంపబడిన ప్రవక్త (స) అతడిని ప్రేమగా పేరుతో పిలిచి, పిట్ట ఏమైందని పలకరించారు. పిల్లవాడి దుఃఖాన్ని ఆయన చిన్నదిగా చూడలేదు. మేము నోటి దాకా వచ్చిన మాట మింగేసి, మనుమడిని దగ్గరకు తీసుకొన్నాము. ఇద్దరమూ కలిసి పెరటిలో గొయ్యి తీసి దానిని పూడ్చాము.

ఆ మధ్యాహ్నానికే రెండవది కూడా తినడం మానింది.

పొరుగింటి పెద్దాయన మంచి మనసుతోనే ఒక సలహా ఇచ్చారు: "హలాల్ జంతువే కదా మౌల్వీ సాబ్, చచ్చేలోగా జబహ్ చేసేయండి." కుందేలు హలాల్ అనే విషయంలో సందేహం లేదు. మక్కా సమీపంలోని మర్రుజ్జహ్‌రాన్ వద్ద హజ్రత్ అనస్ (రజి) ఒక కుందేలును పట్టగా, హజ్రత్ అబూ తల్హా (రజి) దానిని జబహ్ చేసి తొడ భాగాన్ని దైవప్రవక్త (స) సన్నిధికి పంపారనీ, ఆయన దానిని స్వీకరించారనీ బుఖారీలో ఉంది. అయితే మా ముందున్న ప్రశ్న మాంసం గురించినది కాదు. ఒక జీవి మా చేతి తిండి వల్లనే జబ్బు పడిందన్న అనుమానం అప్పటికే మాకు కలిగింది. చికిత్సకు ఒక్క అడుగు కూడా వేయకుండా కత్తి అందుకోవడం మా తప్పును మేమే కప్పిపుచ్చుకోవడం అవుతుందని అనిపించింది. దానిని బుట్టలో పెట్టుకొని, మనుమడిని వెంటబెట్టుకొని పశువైద్యుని దగ్గరకు బయలుదేరాము.

వైద్యుడు దాని పొట్టను మెల్లగా తడిమి, చెవులు పట్టి చూసి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మౌల్వీ సాబ్, గూటిలో గడ్డి ఎప్పుడైనా పెట్టారా?"

మా దగ్గర జవాబు లేదు.

కడుపులో జరిగేది ఏమిటి?

ఆయన చెప్పినదీ, ఆ తరువాత మేము అడిగి తెలుసుకొన్నదీ ఇక్కడ వ్రాస్తున్నాము. మన ఇళ్లలో పిల్లల కోసం కుందేళ్లు పెంచేవారు పెరుగుతున్నారు గనుక ఇది వారికి ఉపయోగపడవచ్చు.

కుందేలు గడ్డి తిని బ్రతకడానికి సృష్టించబడిన జీవి. దాని పేగుల్లో కదలిక ఆగకుండా ఉండాలంటే పీచు నిరంతరం లోపలికి వెళ్తూ ఉండాలి. చిన్న పేగు చివర ఒక పెద్ద సంచి వంటి భాగం ఉంటుంది. అందులోని సూక్ష్మజీవులు గడ్డిలోని సారాన్ని పులియబెట్టి పోషకాలుగా మారుస్తాయి. అన్నం, రొట్టె, బిస్కెట్టు, తీపి పదార్థాలు ఎక్కువైతే ఆ సూక్ష్మజీవుల సమతుల్యం చెడి, గ్యాసు పుట్టించేవి ప్రబలుతాయి. పీచు లేక పేగుల కదలిక మందగిస్తుంది. లోపలి పదార్థం ఎండి గట్టిపడుతుంది. పొట్ట ఉబ్బి నొప్పి పుడుతుంది. నొప్పి వల్ల అది తినడం మానేస్తుంది, తినకపోవడం వల్ల పేగులు మరింత మందగిస్తాయి. కుందేలుకు వాంతి చేసుకొనే శక్తి లేదు. లోపలికి వెళ్లినది ముందుకు సాగవలసిందే.

దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందరి పళ్లు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. గడ్డి నమలడం వల్లనే అవి అరుగుతాయి. మెత్తని తిండికి అలవాటు పడిన కుందేలుకు పళ్లు అడ్డదిడ్డంగా పెరిగి, నోరు పుండై, తినలేని స్థితి వస్తుంది. ఆ దారిన కూడా కడుపు జబ్బే దాపురిస్తుంది.

మరొక సంగతి చాలామందికి తెలియదు. కుందేలు రెండు రకాలుగా విసర్జిస్తుంది. గుండ్రని గట్టి పెంటికలు ఒక రకం. ద్రాక్ష గుత్తి వంటి మెత్తని ముద్దలు రెండవ రకం. ఈ రెండవ రకాన్ని అది నేరుగా నోటితో అందుకొని తినివేస్తుంది. చూసేవారు అసహ్యించుకొని అడ్డుపడుతుంటారు. అది జబ్బు కాదు, చెడ్డ అలవాటూ కాదు. మొదటిసారి అందని పోషకాలు దానికి ఆ విధంగా అందుతాయి. ఆ మెత్తని ముద్దలు తినకుండా గూటిలో పడి ఉంటే మాత్రం మేతలో లోపం ఉందేమోనని అనుమానించాలి.

తినడం మానినప్పుడు

కుందేలు పన్నెండు గంటలపాటు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసర పరిస్థితి. మేము "తెల్లవారిన తరువాత చూద్దాం" అనుకొన్న ఆ రాత్రి ఎంత విలువైనదో మాకు ఆలస్యంగా తెలిసింది. ఇష్టమైన ఆకును కూడా ముట్టకపోవడం, పెంటికలు చిన్నవి కావడం లేదా తగ్గిపోవడం, గూని చేసుకొని కూర్చోవడం, పొట్టను నేలకు అదమడం, పళ్లు కొరకడం దీని గుర్తులు.

పొట్ట డోలులా బిగుసుకొని ఉన్నా, చెవులు చల్లబడినా, వేలాడిపోతున్నా క్షణం ఆలస్యం చేయకుండా వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లాలి. అటువంటి స్థితిలో బలవంతంగా ఏదీ తినిపించరాదు. లోపల అడ్డంకి ఉంటే తినిపించినది ప్రాణం మీదికి తెస్తుంది. మందులు, నీరు ఎక్కించడం వంటివి వైద్యుని పని. ఇంట్లో పిల్లలకని దాచిన గ్యాసు మందు చుక్కలైనా సరే, ఆయనను అడిగి, ఆయన చెప్పిన మోతాదులోనే వాడాలి. మనుషుల యాంటీబయాటిక్ మాత్రలు ఎన్నడూ ఇవ్వరాదు. మనకు మేలు చేసే అమాక్సిసిలిన్ వంటి మందు నోటి ద్వారా ఇస్తే, కుందేలు పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు నశించి అది చనిపోవచ్చు.

అడ్డంకి లేదని వైద్యుడు నిర్ధారించిన తరువాత చేయవలసిన సేవ మాత్రం ఇంటివారిదే. తడిపిన పచ్చగడ్డి, కొత్తిమీర, పుదీనా ముక్కు దగ్గర ఉంచాలి. అది తినకపోతే వైద్యుడు చెప్పిన పీచు మేతను నీటిలో మెత్తగా కలిపి, సూది లేని సిరంజితో నోటి పక్క నుంచి కొద్దికొద్దిగా, మింగడానికి వ్యవధి ఇస్తూ పట్టాలి. వెల్లకిలా పడుకోబెట్టి పోయరాదు. ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మెల్లగా నడవనివ్వాలి. చలికాలమైతే వెచ్చదనం, ఎండాకాలమైతే చల్లదనం కల్పించాలి.

మా కుందేలుకు మూడు గంటలకొకసారి ఈ విధంగా పట్టాము. రాత్రి వంతు మాది, పగటి వంతు మా ఇంటివారిది. రెండవ రోజు మగ్రిబ్ వేళ మనుమడు మస్జిదు గుమ్మం దాకా పరుగెత్తుకొని వచ్చి, "నానా, నాలుగు పెంటికలు వేసింది!" అని కేక పెట్టాడు. నమాజీలు నవ్వారు. మేము మాత్రం అల్‌హమ్దులిల్లాహ్ అన్నాము. అంత మనస్ఫూర్తిగా ఆ మాట పలికి చాలా కాలమైందేమో!

ప్రతిరోజూ పెట్టవలసినది

మేతలో అత్యధిక భాగం గడ్డి కావాలి. పచ్చిదైనా, ఎండుదైనా, కనీసం కుందేలు శరీరమంత కుప్ప రోజంతా అందుబాటులో ఉండాలి. మన పొలంగట్ల మీది గరిక దీనికి శ్రేష్ఠం. అయితే పురుగుమందు, కలుపుమందు చల్లిన పత్తి, మిర్చి చేల గట్ల నుంచి కోయరాదు. మా ప్రాంతంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. కోసిన గడ్డిని కుప్పగా వదిలితే వేడెక్కి పులుస్తుంది. అది కూడా గ్యాసుకు కారణమే. ఎండుగడ్డి కావాలంటే నీడలో పలుచగా పరచి, గలగలమనే దాకా ఆరబెట్టి, తేమ తగలని చోట దాచాలి. బూజు పట్టినదాన్ని పారవేయాలి. వరిగడ్డిలో సారం తక్కువ. అది పరుపుగా వేయడానికి పనికివస్తుంది.

గడ్డికి తోడు రోజుకు ఒకటి రెండు గుప్పెళ్ల ఆకులు చాలు. కొత్తిమీర, పుదీనా, క్యారెట్ ఆకులు మంచివి. కొత్త ఆకును ఏదైనా ఒక్కసారిగా పెట్టక, ఒక్కొక్కటి చొప్పున కొద్దికొద్దిగా అలవాటు చేయాలి. తొలకరి తరువాత వచ్చే లేతగడ్డి విషయంలోనూ ఇదే పద్ధతి. అంగడిలో దొరికే గుళికల మేత కిలో బరువున్న పెద్ద కుందేలుకు రోజుకు 25 గ్రాములు మించరాదు. క్యారెట్ దుంప, పండు బొటనవేలి గోరంత ముక్క, అదీ అప్పుడప్పుడు మాత్రమే. కడుపు ఉబ్బరం ఉన్న కుందేలుకు క్యాబేజీ, కాలీఫ్లవర్, పప్పుధాన్యాలు పూర్తిగా మానాలి. అన్నం, రొట్టె, బిస్కెట్టు, మిఠాయి, ఆలుగడ్డ, ఉల్లి, వెల్లుల్లి ఏ కుందేలుకూ తగవు. సుబాబుల్ ఆకులో వాటికి హాని చేసే పదార్థం ఉంటుంది గనుక దానిని కూడా దూరంగా ఉంచాలి.

బరువైన మట్టి మూకుడులో మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి. మన ప్రాంతంలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కుందేలుకు 30 దాటితేనే కష్టం. ఎండ వేడికి అది మేత తగ్గించడం వల్లనే చాలాసార్లు పేగులు మందగిస్తాయి. గూటిని నీడలో ఉంచి, చుట్టూ తడి గోనెపట్టా వేలాడదీయాలి.

మండలాల్లోని పశువైద్యశాలలే గాక, వరంగల్ సమీపాన మా రహదారి మీదనే మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. సంచార పశువైద్య సేవల కోసం 1962 అనే టోల్‌ఫ్రీ నంబరు ఉంది. పొలాల్లో దొరికిన అడవి కుందేలు పిల్లలను మాత్రం ఇంటికి తేరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటిని పట్టడాన్ని నిషేధిస్తుంది.

షరీఅత్ దృష్టిలో

కుందేలు గూటిలో గడ్డి పెట్టడం ఫిఖ్హ్‌కు సంబంధించిన విషయమా అని కొందరికి సందేహం కలుగవచ్చు. మన మద్రసాల్లో శతాబ్దాలుగా బోధిస్తున్న హనఫీ గ్రంథం 'హిదాయా'లో పోషణ అధ్యాయం పశువుల పోషణ ప్రస్తావనతోనే ముగుస్తుంది. యజమానిని న్యాయస్థానం బలవంతపెట్టవచ్చునా అన్న విషయంలో ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మలై) అభిప్రాయం వేరు. ఆయన బలవంతపెట్టవచ్చునన్నారు. అల్లాహ్ ఎదుట మాత్రం అది యజమాని బాధ్యతే అన్నదానిలో భేదం లేదు.

హిజ్రీ 660లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మలై) 'ఖవాయిదుల్ అహ్‌కామ్' అనే గ్రంథంలో మనిషిపై పశువులకు గల హక్కులను వివరించారు. అందులో మొదటిది పోషణ హక్కు. జంతువు ముసలిదైనా, వ్యాధిగ్రస్తమైనా, దానివల్ల ఇక ఏ లాభమూ లేకున్నా, అటువంటి జంతువుకు తగిన పోషణ అందించవలసిందేనని ఆయన వ్రాశారు. ఈ 'తగిన' అన్న మాట దగ్గరే మేము పొరబడ్డాము. మేము పెట్టిన తిండి మాకు తగినది. కుందేలుకు తగినది ప్రహరీ అవతలే ఉండిపోయింది.

ఫిరౌను ప్రశ్నకు హజ్రత్ మూసా (అలైహిస్సలామ్) ఇచ్చిన సమాధానం తాహా సూరాలో ఉంది. ప్రతి వస్తువుకూ దాని రూపాన్ని ప్రసాదించి, ఆపై దానికి మార్గం చూపినవాడే తన ప్రభువని ఆయన చెప్పారు. కుందేలు పళ్లూ, పేగులూ, దాని నాలుకకు గడ్డిపై గల మక్కువా ఆ రూపంలోనివే, ఆ మార్గంలోనివే. అబస సూరాలో మన పండ్లతో పాటు గడ్డిని కూడా పేర్కొని, ఇవి మీకూ మీ పశువులకూ జీవనసామగ్రి అని అల్లాహ్ తెలియజేశాడు. ఎవరి భాగం వారికి ఏర్పరచబడి ఉంది.

ఇప్పుడు ఆ పిల్లి హదీసును మళ్లీ చదివితే, నేల మీది ఆహారం తిననివ్వలేదన్న భాగం వద్ద మేము ఆగిపోతున్నాము. అల్లాహ్ దాని కోసం భూమిపై పరచి ఉంచిన ఆహారం ఒకటి ఉంది. బంధించినవారు ఆ తలుపు మూసివేశారు. కాబట్టి ఒక జీవిని గూటిలో పెట్టిన క్షణం నుంచి, అది బయట ఉంటే దేనిని వెతుక్కొని తినేదో తెలుసుకొని తెచ్చిపెట్టడం మన మీద పడుతుంది. మనసులో ప్రేమ ఉంటే చాలదు, తెలుసుకోవాలి. ఆ స్త్రీతో మమ్మల్ని మేము పోల్చుకోవడం లేదు. ఆమె ఆకలితో చంపింది, మేము తెలియక చేశాము. అల్లాహ్ క్షమించేవాడు. అయినా అడిగితే చెప్పేవారు అందుబాటులో ఉండగా అడగకపోవడం మా లోపమే. ఆ లోపానికి ఒక ప్రాణం బలైంది.

"పేదలు పస్తులుంటే కుందేలు వైద్యానికి డబ్బా?" అని ఒక మిత్రుడు ప్రశ్నించారు. పేదవారి హక్కు పేదవారిదే, అది తగ్గకూడదు. పెంచే స్తోమత గాని, తీరిక గాని లేనివారు మూగజీవిని ఇంటికి తెచ్చుకోకపోవడమే మంచిది. తెచ్చుకొన్నవారికి మాత్రం ఇది దానం కాదు, బాధ్యత. నిజానికి ఆ రోజుల్లో మేము బిస్కెట్ల మీద పెట్టిన ఖర్చు గడ్డికి కాలేదు.

ఇప్పుడు మా మనుమడు ఇంటి వెనుక రెండు బారల నేలలో గరిక నాటుకొన్నాడు. ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి, పక్షి, పశువు ఏది తిన్నా అతడి ఖాతాలో సదఖాగా వ్రాయబడుతుందన్న హదీసు చెప్పినప్పటి నుంచి రోజూ తానే నీళ్లు పోస్తున్నాడు. మిగిలిన కుందేలు ఆరోగ్యంగా ఉంది. మొన్న హదీసు పాఠంలో పిల్లి ప్రస్తావన మళ్లీ వచ్చింది. విద్యార్థులకు మా కుందేలు కథ దాచకుండా చెప్పాము.

మన అధీనంలో ఉంచబడిన ప్రతి ప్రాణి హక్కును గుర్తించే జ్ఞానాన్నీ, దానిని నెరవేర్చే శక్తినీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! తెలియక చేసిన తప్పులను మన్నించుగాక! ఆమీన్.